కింగ్స్ లిన్ రేవు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ రేవులంటే మనకు లండన్, లివర్‌పూల్, బ్రిస్టల్ గుర్తొస్తాయి. కింగ్స్ లిన్ పేరు వినగానే "అదెక్కడ?" అంటారు. కేంబ్రిడ్జ్‌లో చదువుకునే పిల్లలు, లండన్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ శనాదివారాల్లో ఎటైనా వెళ్దామనుకునేవాళ్ళు, ఇంగ్లండ్ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఈ ఊరి గురించి అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. పేరులో రాజు ఉన్నాడు గానీ, ఊరిని నిలబెట్టింది మాత్రం ఒక బురద నది, దాని ఒడ్డున సరుకు దించుకున్న వర్తకులు. జవాబులన్నీ చివరికి అక్కడికే వచ్చి చేరతాయి.

ఈ ఊరు సరిగ్గా ఎక్కడుంది? సముద్రపు రేవా, నది రేవా?

తూర్పు ఇంగ్లండ్‌లో, నార్ఫోక్ కౌంటీ పడమటి అంచున, గ్రేట్ ఊజ్ నది ఒడ్డున ఉంది. లండన్‌కు ఉత్తరంగా సుమారు 100 మైళ్ళు. ఊరు దాటాక నది ఇంకొన్ని మైళ్ళు ఉత్తరానికి వెళ్ళి "వాష్" అనే లోతు తక్కువ అఖాతంలో కలుస్తుంది. అంటే రేవు నది మీదే ఉంది, కానీ సముద్రపు ఆటుపోట్లు ఊరి నడిబొడ్డు దాకా వస్తాయి. పోటు మీద ఉన్నప్పుడు చూస్తే నిండు నది. పాటు తీసినప్పుడు చూస్తే రెండు వైపులా ఎత్తైన బురద గట్లు, మధ్యలో ఒక పాయ. మొదటిసారి చూసినవాళ్ళకు రెండూ ఒకే నది అంటే నమ్మబుద్ధి కాదు.

2021 జనాభా లెక్కల ప్రకారం ఊళ్ళో 50 వేలకు కాస్త తక్కువ మంది ఉన్నారు.

పేరులో ఉన్న రాజు ఎవరు?

ఎనిమిదో హెన్రీ. కానీ ఊరు పెట్టింది ఆయన కాదు. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు, 1101 ప్రాంతంలో, హెర్బర్ట్ డి లోసింగా అనే బిషప్ ఇక్కడ సెయింట్ మార్గరెట్ చర్చికి పునాది వేసి, పక్కనే శనివారం సంత పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. అప్పటి నుంచి ఊరి పేరు బిషప్స్ లిన్. 1204లో జాన్ రాజు ఇచ్చిన చార్టర్‌తో పట్టణానికి సొంత హక్కులు వచ్చాయి, అయినా పైన బిషప్ అజమాయిషీ పోలేదు. చర్చి ఆస్తుల మీద హెన్రీ చెయ్యి పడ్డాక 1537లో బిషప్ పోయి రాజు వచ్చాడు, ఊరి బోర్డు మారింది. స్థానికులు మాత్రం ఇప్పటికీ ఉత్త "లిన్" అనే అంటారు.

అయితే ఇక్కడ అంత పెద్ద రేవు ఎలా ఏర్పడింది?

రెండు కారణాలు. మొదటిది ఉప్పు. వాష్ తీరంలో ఆటుపోట్లకు తడిసే ఇసుక నుంచి ఉప్పు తీసేవాళ్ళు. ఉప్పుంటే చేపలు నిల్వ చేయొచ్చు, ఆ రెంటి కోసం పడవలు వస్తాయి.

రెండోది, అసలుది, నది దారి మారడం. ఒకప్పుడు గ్రేట్ ఊజ్ నీళ్ళు ఎక్కువ భాగం పడమరగా విస్‌బెచ్ వైపు వెళ్ళి సముద్రంలో కలిసేవి. అక్కడ మేట వేసి దారి పూడుకుపోవడంతో 13వ శతాబ్దంలో నీటిని లిన్ వైపు మళ్ళించారు. దాంతో లిన్‌కు ఒక్కసారిగా పెద్ద లోతట్టు ప్రాంతం దక్కింది. నది, దాని ఉపనదుల మీదుగా ఈలీ, కేంబ్రిడ్జ్, సెయింట్ ఐవ్స్ దాకా పడవలు వెళ్ళేవి, 17వ శతాబ్దం చివరికి ఆ దారి బెడ్‌ఫర్డ్ దాకా సాగింది. రోడ్లు బురదగుంటలైన కాలంలో, బండి మీద ఒక టన్ను బరువు లాగే ఖర్చుకు నది మీద ఎన్నో టన్నులు వెళ్ళేవి. 18వ శతాబ్దం మొదట్లో దేశమంతా తిరిగి రాసిన డేనియల్ డెఫో, లండన్ తప్పిస్తే ఇంగ్లండ్‌లో ఏ రేవుకూ ఇంత లోతట్టు జలమార్గం లేదని, ఆరు కౌంటీలకు పూర్తిగా, మరో మూడింటికి కొంతమేరకు ఇక్కడి నుంచే సరుకు వెళ్తోందని లెక్క చెప్పాడు. నౌక తెచ్చిన సరుకును లిన్‌లో దించి, "లైటర్" అనే చదునైన పడవల్లోకి ఎక్కించి, వాటిని ఒకదాని వెనక ఒకటి కట్టి, గట్టు మీద గుర్రంతో లాగించేవాళ్ళు.

పక్క ఊరి నష్టం మీద ఈ ఊరి లాభం నిలబడిందన్నమాట. తర్వాత అదే నది లిన్‌ను కూడా ఏడిపించింది. ఆ సంగతి కింద ఉంది.

ఏ సరుకులు వచ్చేవి, ఏవి పోయేవి?

మధ్యయుగంలో పోయేవి ఉన్ని, బట్ట, ధాన్యం, ఉప్పు. వచ్చేవి ఫ్రాన్స్‌లోని గాస్కనీ నుంచి వైన్, నార్వే నుంచి ఎండుచేప, బాల్టిక్ తీరం నుంచి కలప, తారు, మైనం, జంతువుల ఉన్నిచర్మాలు. తర్వాతి కాలంలో న్యూకాజిల్ బొగ్గు పెద్ద సరుకైంది. కేంబ్రిడ్జ్ కాలేజీల పొయ్యిల్లో మండిన బొగ్గు, భోజనాల బల్లల మీది వైన్ చాలాకాలం లిన్ మీదుగానే వెళ్ళాయి. చదువుల ఊరి పేరు ప్రపంచమంతా తెలుసు, దానికి సరుకులు మోసిన ఊరి పేరు మాత్రం ఎవరికీ పట్టదు.

హన్సా గిడ్డంగి అంటారు, ఏమిటది?

హన్సా అంటే ఉత్తర జర్మనీ, బాల్టిక్ తీర పట్టణాల వర్తకులు కట్టుకున్న కూటమి. ల్యూబెక్, హాంబర్గ్, డాంజిగ్ లాంటి ఊళ్ళు అందులో ఉండేవి. వాళ్ళకు రాజు లేడు, కానీ రాజులతో యుద్ధం చేయగల నౌకలుండేవి. ఇంగ్లండ్‌తో అలాంటి గొడవే ఒకటి ముదిరి, 1474లో ఊట్రెక్ట్ ఒప్పందంతో సర్దుకుంది. ఆ ఒప్పందం కింద లండన్, బోస్టన్, లిన్ మూడు చోట్ల వాళ్ళకు సొంత స్థావరాలు దక్కాయి. (ఈ బోస్టన్ అమెరికాది కాదు. వాష్ అఖాతానికి అవతలి వైపున్న ఇంగ్లిష్ రేవు.)

లిన్‌లో 1475 ప్రాంతంలో కట్టిన గిడ్డంగి ఇప్పటికీ ఉంది. సెయింట్ మార్గరెట్ చర్చికి ఎదురుగా, వీధి నుంచి నది వైపు పొడుగ్గా సాగే కట్టడం. పైన సరుకు, పక్కన మనుషులు, చివర రేవు. లండన్‌ది, బోస్టన్‌ది పోయాయి. ఇంగ్లండ్‌లో మిగిలిన హన్సా కట్టడం ఇదొక్కటే. కూటమి బలం చచ్చిపోయాక కూడా చాలాకాలం వాళ్ళ చేతుల్లోనే ఉండి, 1751లో అమ్ముడుపోయింది. పాత హన్సా ఊళ్ళు చాలావరకు ఇప్పుడు ఒక సాంస్కృతిక సంఘంగా ఏర్పడ్డాయి, బ్రిటన్ నుంచి అందులో మొదట చేరింది లిన్.

ఒక్క కట్టడమే చూసే టైముంటే దీన్నే చూడమంటాను. కస్టమ్ హౌస్ అందంగా ఉంటుంది నిజమే, కానీ ఈ ఊరు ఏ పని చేసి బతికిందో ఇక్కడ తెలుస్తుంది.

జాన్ రాజు నిధి ఇక్కడే మునిగిపోయిందట కదా?

ఊరి దగ్గర్లో. 1216 అక్టోబరులో, ప్రభువులతో అంతర్యుద్ధం నడుస్తుండగా, జాన్ రాజు లిన్‌లో బస చేసి లింకన్‌షైర్ వైపు బయల్దేరాడు. ఆయన చుట్టుదారిలో వెళ్ళాడు. సామాను బండ్లు వాష్ దగ్గరి అడ్డదారిలో, పాటు సమయంలో దాటొచ్చులే అనుకుని దిగాయి. పోటు వచ్చేసింది, లేదా ఊబిలో దిగబడ్డాయి. సామాను చాలా పోయింది. రాజుకు అప్పటికే విరేచనాల జబ్బు. వారం తిరక్కుండానే న్యూఆర్క్‌లో చనిపోయాడు.

నిధి ఎంత, కిరీటాలు అందులో ఉన్నాయా అన్నదాని మీద ఎవరి కథ వాళ్ళది. ఇప్పటిదాకా దొరికింది ఏమీ లేదు. అప్పటి తీరం ఇప్పుడు మైళ్ళ కొద్దీ పొలాల కింద ఉంది కాబట్టి, నిధి ఉన్నా సముద్రంలో ఉండదు, ఏ బంగాళాదుంప చేలోనో ఉంటుంది.

ఊళ్ళో "జాన్ రాజు కప్పు" అని వెండి, ఎనామిల్ పనితనంతో మెరిసే పాత్ర ఒకటి చూపిస్తారు. చాలా అందమైన వస్తువు. కాకపోతే అది 1340 ప్రాంతంలో తయారైంది, జాన్ పోయిన వందేళ్ళకు పైగా తర్వాత. రాజు పేరు తగిలిస్తే విలువ పెరుగుతుందని ఆ రోజుల్లోనూ తెలుసు.

ఈ ఊరివాళ్ళలో చెప్పుకోదగ్గవాళ్ళు ఎవరు?

నా లెక్కలో మొదటి పేరు మార్జరీ కెంప్. 1373 ప్రాంతంలో పుట్టింది. తండ్రి జాన్ బ్రన్‌హామ్ ఐదుసార్లు మేయర్, కలిగిన వర్తకుడు. ఆమె 14 మంది పిల్లల్ని కన్నది. బీరు కాచే వ్యాపారం పెట్టి నష్టపోయింది, గుర్రాలతో తిప్పే పిండిమర పెట్టి అదీ నష్టపోయింది. తర్వాత దైవదర్శనాలు మొదలయ్యాయి. చర్చిలో, వీధిలో, ఎక్కడపడితే అక్కడ గట్టిగా ఏడ్చేది. కొందరు మహాభక్తురాలన్నారు, ఇంకొందరు "ఈ గోల భరించలేం" అన్నారు, తోటి యాత్రికులైతే దారిలో ఆమెను వదిలించుకోవాలని చూశారు. అయినా జెరూసలేం, రోమ్, స్పెయిన్‌లోని సాంటియాగో తిరిగొచ్చింది. చదువు రాదు, తన కథ చెప్పి రాయించింది. ఆంగ్ల భాషలో తొలి ఆత్మకథగా చాలామంది దాన్నే లెక్కిస్తారు. దాని ఏకైక రాతప్రతి 1934లో ఒక కుటుంబం ఇంట్లో బయటపడింది.

1421లో ట్రినిటీ గిల్డ్ (వర్తకుల సంఘం) భవనం కాలిపోయి మంటలు సెయింట్ మార్గరెట్ చర్చి వైపు వస్తుంటే, ఆమె ప్రార్థించగా మంచు కురిసి ఆరిపోయిందని ఆమే చెప్పుకుంది. నమ్మడం మన ఇష్టం. అగ్నిప్రమాదం మాత్రం నిజం. తర్వాత చెకుముకి రాళ్ళను గళ్ళుగళ్ళుగా పేర్చి కట్టిన కొత్త భవనం ఇప్పటికీ ఉంది, చదరంగం బల్లలా కనిపిస్తుంది.

రెండో పేరు జార్జ్ వాంకూవర్. 1757లో పుట్టాడు, తండ్రి ఇక్కడి కస్టమ్స్‌లో అధికారి. పదిహేనేళ్ళు నిండకముందే నౌకాదళంలో చేరి కెప్టెన్ కుక్ వెంట దక్షిణ సముద్రాలు చూశాడు. 1791 నుంచి 1795 దాకా సాగిన యాత్రలో ఉత్తర అమెరికా పడమటి తీరాన్ని కొలిచి పటాలు గీశాడు. కెనడాలో వాంకూవర్ నగరం, ద్వీపం ఆయన పేరు మీదవే. ఇప్పుడు ఆ నగరంలో మన తెలుగువాళ్ళు బోలెడుమంది. వాళ్ళు చెప్పే అడ్రసులో ఈ లిన్ కుర్రాడి ఇంటిపేరు ఉందన్నమాట. ఆయన మాత్రం నలభై దాటగానే, 1798లో, పెద్దగా గుర్తింపు లేకుండానే పోయాడు. విగ్రహం కస్టమ్ హౌస్ పక్కన ఉంది.

నవలా రచయిత్రి ఫానీ బర్నీ 1752లో ఇక్కడే పుట్టింది. వాళ్ళ నాన్న సెయింట్ మార్గరెట్ చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. బ్రిటన్ మొదటి ప్రధానిగా చెప్పుకునే రాబర్ట్ వాల్‌పోల్ 1702 నుంచి 1742 వరకు దాదాపు అంతా ఈ ఊరి ఎంపీనే.

ఒకే ఊళ్ళో శనివారం సంత, మంగళవారం సంత ఎందుకు?

మొదటి ఊరు సెయింట్ మార్గరెట్ చర్చి చుట్టూ, శనివారం సంతతో మొదలైంది. వ్యాపారం పెరిగి చోటు చాలక, 12వ శతాబ్దం మధ్యలో ఉత్తరాన "న్యూలాండ్" పేరుతో రెండో ఊరు గీశారు. దానికి మంగళవారం సంత, సెయింట్ నికొలస్ చాపెల్ వచ్చాయి. రెండింటి మధ్య పర్‌ఫ్లీట్ అనే కాలువ. రెండు ఊళ్ళూ కలిసిపోయినా మైదానాల పేర్లు అలాగే ఉండిపోయాయి.

ఇందులో ట్యూజ్‌డే మార్కెట్ ప్లేస్ చాలా విశాలం. సంత, విందులు, ఉరితీతలు అన్నీ అక్కడే. మూలనున్న ఒక ఇంటి గోడ మీద గుండె గుర్తు చెక్కి ఉంటుంది. 1590లో మంత్రగత్తె అని ముద్ర వేసి మార్గరెట్ రీడ్ అనే ఆమెను ఇక్కడ కాల్చారని, ఆమె గుండె ఎగిరొచ్చి ఆ గోడకు తగిలిందని కథ. టూరిస్టులు దాన్ని నవ్వుతూ ఫొటో తీసుకుంటారు. అంతకన్నా పాత గాయానికి గోడ మీద గుర్తు కూడా లేదు. 1190లో, మతయుద్ధాల ఉన్మాదంలో, ఇక్కడి యూదు కుటుంబాలను ఊచకోత కోశారు. వర్తక పట్టణాలు అందరినీ రానిస్తాయని మురిసిపోయేముందు ఈ సంగతి కూడా తెలిసి ఉండాలి.

పాత వర్తకులు ఎలా బతికేవాళ్ళు?

ఇల్లూ ఆఫీసూ గోదామూ అన్నీ ఒకటే. వీధి వైపు ఇల్లు, వెనక పొడవుగా గిడ్డంగులు, చివర సొంత రేవు. క్వీన్ స్ట్రీట్, కింగ్ స్ట్రీట్ వెంట నడిస్తే ఈ వరస ఇప్పటికీ కనిపిస్తుంది. క్లిఫ్టన్ హౌస్ అనే ఇంట్లో 13వ శతాబ్దపు పలకల నేల వేసిన చోటే ఉంది. దానికి తర్వాత ఎలిజబెత్ రాణి కాలంలో ఐదంతస్తుల ఇటుక బురుజు కట్టారు. పైకెక్కితే తన ఓడ నదిలోకి వస్తోందో లేదో యజమాని చూసుకోవచ్చు. ఓడ రాకపోతే టెన్షన్ ఎంతుండేదో ఊహించుకోవచ్చు, ఇన్సూరెన్సు లేనివాడికైతే మరీను.

వ్యాపారమంతా గిల్డుల చేతుల్లో నడిచేది. సెయింట్ జార్జ్ గిల్డ్ 15వ శతాబ్దం మొదట్లో కట్టుకున్న హాలు ఇంగ్లండ్‌లో మిగిలిన మధ్యయుగపు గిల్డ్ హాళ్ళలో అతి పెద్దది. అందులో తర్వాత నాటకాలాడారు. షేక్స్‌పియర్ కూడా ఇక్కడ వేషం కట్టాడని ఊరివాళ్ళు గట్టిగా అంటారు, చరిత్రకారులు అంత గట్టిగా అనరు.

1683లో హెన్రీ బెల్ అనే స్థానిక వాస్తుశిల్పి కట్టిన కస్టమ్ హౌస్ నిజానికి వర్తకులు కలుసుకుని బేరాలాడుకునే చోటు. కింద తెరిచిన కమానులు, పైన గదులు. సుంకం అధికారులు పైన కూర్చునేవాళ్ళు, తర్వాత మొత్తం వాళ్ళదే అయింది.

18వ శతాబ్దంలో గ్రీన్‌లాండ్ వైపు తిమింగలాల వేటకు కూడా లిన్ నుంచి ఓడలు వెళ్ళేవి. కొవ్వు కాచే బట్టీలు ఊరికి దక్షిణాన నార్ వాగు ఒడ్డున ఉండేవి. ఆ కంపు అటువైపు కాపురాలున్న పేదవాళ్ళ వంతు.

మత్స్యకారుల జీవితం ఎలా ఉండేది?

వాళ్ళది నార్త్ ఎండ్, సెయింట్ నికొలస్ చాపెల్ చుట్టుపక్కల ఇరుకు సందులు. ఊళ్ళో ఉంటూనే ఊరికి వేరుగా బతికారు. పెళ్ళిళ్ళు తమలో తమకే, బడి వేరు, తాగే పబ్బులు వేరు, మాట తీరు కూడా వేరు. "యార్డ్" అంటే మధ్యలో చిన్న వాకిలి, చుట్టూ రెండేసి గదుల ఇళ్ళు, అందరికీ కలిపి ఒక కుళాయి. ఒక్కో ఇంట్లో లెక్కలేనంత మంది పిల్లలు.

మగవాళ్ళు వాష్‌లో రొయ్యలు, గుల్లలు, ఆల్చిప్పల వేటకు వెళ్ళేవాళ్ళు. వేట గడియారం ప్రకారం కాదు, పోటు ప్రకారం. అర్ధరాత్రి పోటుంటే అర్ధరాత్రే బయల్దేరాలి. గుల్లలకు మరో పద్ధతి. పోటు మీద పడవను ఇసుకతిన్నె పైకి తోలి, నీరు తీసి పడవ నేలకు ఆనాక దిగి, గుల్లల్ని గీరి సంచులకెత్తి, మళ్ళీ నీరొచ్చి పడవ తేలేదాకా ఆగేవాళ్ళు. ఇంటికొచ్చాక రొయ్యల పొట్టు తీయడం, వలలు అల్లడం, బాగుచేయడం ఆడవాళ్ళ పని. సంపాదనలో వాళ్ళ చేతి పని ఎంతో లెక్క ఎవరూ రాసిపెట్టలేదు.

20వ శతాబ్దంలో మురికివాడల తొలగింపు పేరుతో, రోడ్ల పేరుతో నార్త్ ఎండ్‌ను దాదాపు పూర్తిగా పడగొట్టేశారు. మిగిలిన చివరి ముక్క ట్రూస్ యార్డ్. దాన్ని స్థానికులే పట్టుబట్టి మ్యూజియంగా నిలబెట్టుకున్నారు. రాజుల మ్యూజియంలు ఎక్కడైనా దొరుకుతాయి, బెస్తవాడల మ్యూజియం అరుదు. ఫిషర్ ఫ్లీట్ అనే కాలువలో ఇప్పటికీ వేట పడవలు ఆగుతాయి.

నది లిన్‌ను ఏడిపించిందన్నారు. ఎలా?

రెండు రకాలుగా. ఒకటి మేట, రెండు వరద.

17వ శతాబ్దంలో డచ్ ఇంజినీరు వెర్ముయ్‌డెన్ ఆధ్వర్యంలో లోతట్టు ఫెన్ చిత్తడి నేలల్ని ఆరబెట్టి సాగులోకి తెచ్చారు. అందులో భాగంగా 1651లో డెన్వర్ దగ్గర నదికి అడ్డంగా లాకులు కట్టారు. అప్పటి నుంచి లిన్ వర్తకులు ఒకటే గోల: పోటు నీళ్ళు పైకి పోనివ్వకపోతే పాటులో కొట్టుకుపోవాల్సిన మేట కొట్టుకుపోదు, రేవు పూడుకుపోతుంది, మా పొట్ట కొడుతున్నారు. పొలాల యజమానులకు నీళ్ళు పోవాలి, పడవలవాళ్ళకు నీళ్ళు ఉండాలి. ఈ తగువు తరాలపాటు నడిచింది. 1713లో వరద, పోటు కలిసొచ్చి లాకుల్ని పేల్చేసినప్పుడు లిన్‌లో పెద్దగా ఎవరూ ఏడ్చి ఉండరు. కానీ 18వ శతాబ్దం మధ్యలో మళ్ళీ కట్టారు. చివరికి నదినే తిన్నగా చేశారు. ఊరికి ఎగువన 1821లో ఈయూ బ్రింక్ కాలువ, దిగువన 1850ల్లో ఇంకో కాలువ తవ్వి వంపులు తీసేశారు. మీరు ఇవాళ రేవు గట్టు నుంచి చూసే తిన్నటి నది చాలావరకు పారలతో తవ్వింది.

వరదల్లో ఘోరమైంది 1953 జనవరి 31 రాత్రిది. ఉత్తర సముద్రంలో తుపాను గాలి, పోటు ఒకేసారి వచ్చాయి. ఇంగ్లండ్ తూర్పు తీరంలో 307 మంది చనిపోయారు, అందులో లిన్‌లోనే 15 మంది, ఎక్కువగా దక్షిణాన పల్లంలో ఉన్నవాళ్ళు. ఆ సాయంత్రం హన్‌స్టాంటన్ నుంచి లిన్‌కు బయల్దేరిన రైలుకు వరదలో కొట్టుకొచ్చిన ఒక ఇల్లు ఎదురొచ్చి గుద్దింది. కట్టుకథలా ఉంటుంది గానీ జరిగిందే. హన్‌స్టాంటన్‌లో రీస్ లెమింగ్ అనే అమెరికన్ సైనికుడు, ఈత రాకపోయినా రబ్బరు పడవను తోసుకుంటూ 27 మందిని కాపాడాడు.

సెయింట్ మార్గరెట్ చర్చి పడమటి తలుపు పక్కన వరద ఎత్తుల గుర్తులు చెక్కారు. 1978 గుర్తు 1953 దానికన్నా పైన ఉంటుంది. మొదటిసారి అంత ప్రాణనష్టం జరిగాక కరకట్టలు, హెచ్చరికలు మెరుగుపడ్డాయి కాబట్టే రెండోసారి అంత విషాదం జరగలేదు. అదే చర్చి గోడ మీద చంద్రుడి కళలతో పోటు వేళ చెప్పే గడియారం కూడా ఉంది. మామూలు టైము చెప్పదు. రేవు ఊరికి అది చాలు.

రైలు వచ్చాక రేవు పడిపోయిందా?

1847లో రైలొచ్చింది. లోతట్టు పడవల పని అక్కడితో దెబ్బతింది. కేంబ్రిడ్జ్ బొగ్గు ఇక రైల్లోనే వెళ్ళింది. కానీ ఊరు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1869లో అలెగ్జాండ్రా డాక్, 1883లో బెంటింక్ డాక్ తవ్వారు. వీటికి గేట్లుంటాయి, పాటులో కూడా ఓడ బురదలో కూర్చోకుండా తేలుతూ ఉంటుంది. ఆ రెండు డాకులూ ఇవాళ్టికీ పనిచేస్తున్నాయి. ధాన్యం, ఎరువులు, కలప లాంటివి వస్తూపోతూ ఉంటాయి. పెద్ద కంటైనర్ ఓడలు ఈ నదిలోకి రాలేవు, వాటికి దక్షిణాన ఫీలిక్స్‌టో ఉంది. చిన్న ఓడలకు కూడా వాష్‌లో కదిలే ఇసుకతిన్నెల మధ్య దారి చూపించడానికి పైలట్ ఎక్కాల్సిందే.

ఫిబ్రవరి చలిలో జాతరేమిటి?

దాని పేరు "మార్ట్". ఎనిమిదో హెన్రీ 1537లో ఇచ్చిన హక్కుతో ఏటా ఫిబ్రవరి 14న ట్యూజ్‌డే మార్కెట్ ప్లేస్‌లో మొదలై సుమారు రెండు వారాలు ఉంటుంది. మేయర్ గొలుసు వేసుకుని వచ్చి ప్రారంభిస్తారు, తర్వాత ఊరి పెద్దలు వెళ్ళి బంపర్ కార్లు ఎక్కుతారు. ఒకప్పుడు సరుకుల సంత, ఇప్పుడు పూర్తిగా రంగులరాట్నాల జాతర. ఇంగ్లండ్ జాతరలవాళ్ళకు ఏడాది సీజన్ ఇక్కడే మొదలు.

ఆ రంగులరాట్నాలకీ ఈ ఊరికీ మరో బంధం ఉంది. ఫ్రెడరిక్ సావేజ్ అనే ఇంజినీరు వ్యవసాయ యంత్రాలు చేస్తూ, ఆవిరి ఇంజిన్‌తో గుండ్రంగా తిరిగే గుర్రాల రాట్నాలు చేయడం మొదలుపెట్టాడు. ఆయన కార్ఖానా నుంచి వెళ్ళిన రాట్నాలు దేశమంతా తిరిగాయి. మేయర్ కూడా అయ్యాడు, బతికుండగానే విగ్రహం పెట్టించుకున్న అదృష్టవంతుడు.

ఇప్పుడు అక్కడ మామూలు జీవితం ఎలా ఉంటుంది?

లండన్‌తో పోలిస్తే ఇళ్ళు చవక, జీతాలూ తక్కువే. చుట్టూ కూరగాయల పొలాలు, ఆహార పరిశ్రమలు. 1959లో వచ్చిన క్యాంప్‌బెల్ సూప్ ఫ్యాక్టరీ చాలా ఇళ్ళకు అన్నం పెట్టి 2007లో మూతపడింది, దాని టవర్‌ను 2012లో కూల్చారు. పొలాల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనికి గత పాతికేళ్ళలో లిథువేనియా, పోలండ్, పోర్చుగల్ నుంచి చాలామంది వచ్చి స్థిరపడ్డారు. హన్సా కాలం నాటి బాల్టిక్ బంధం మళ్ళీ కలిసిందనుకోవచ్చు, ఈసారి తారుపీపాలకు బదులు మనుషులొచ్చారు. 1980లో తెరిచిన క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రి కాంక్రీటు నాసిది కావడంతో పైకప్పును వేల ఊతాలతో నిలబెట్టాల్సి వచ్చింది, కొత్తది కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది.

మంగళవారం సంత ఉంది. ఫుట్‌బాల్ టీమ్‌ను "లిన్నెట్స్" అంటారు, మైదానం పేరు ద వాక్స్. అదే పేరుతో పక్కనున్న పార్కులో 15వ శతాబ్దపు చిన్న యాత్రికుల గుడి రెడ్ మౌంట్ ఉంది. తినడానికైతే ఇక్కడి సన్న గోధుమరంగు రొయ్యలు, గుల్లలు, వేసవిలో ఉప్పు బురదనేలల్లో మొలిచే సాంఫైర్ అనే ఆకుకూర. సాంఫైర్‌లో ఉప్పు దానికదే ఉంటుంది, వండేటప్పుడు మళ్ళీ వేయకండి.

అవతలి ఒడ్డుకు పడవ ఉందా?

వెస్ట్ లిన్‌కు 13వ శతాబ్దం నుంచి పడవ దాటింపు ఉంది. దాటడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. రోడ్డు మీద చుట్టూ తిరిగి రావడం కన్నా ఎంతో నయం కాబట్టి అవతల కారు ఆపుకుని పనికి వచ్చేవాళ్ళు కూడా దీన్ని వాడుతూ వచ్చారు. అప్పుడప్పుడు రేవుమెట్ల మరమ్మతుల వల్ల ఆగిపోతుంటుంది, నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి. ఊరి రేవు ముఖం మొత్తం ఒక్క చూపులో కనిపించేది అవతలి గట్టు నుంచే.

ఎలా వెళ్ళాలి, ఒక రోజు చాలా?

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి కేంబ్రిడ్జ్, ఈలీ మీదుగా నేరుగా రైలుంది, రెండు గంటల లోపే. ఈలీ దాటాక రెండు వైపులా బల్లపరుపు నల్లమట్టి పొలాలు, కాలువలు. అవన్నీ ఒకప్పటి చిత్తడి నేలలు, రైలు కిటికీ పక్కన సీటు పట్టుకోండి. స్టేషన్ నుంచి పాత ఊరు నడిచే దూరం.

ఒక రోజు చాలు. శనివారం సంత మైదానం దగ్గర మొదలుపెట్టి, చర్చి, హన్సా గిడ్డంగి, రేవు గట్టు, కస్టమ్ హౌస్, కింగ్ స్ట్రీట్, మంగళవారం మైదానం, చివర ట్రూస్ యార్డ్ వరసలో నడిస్తే వెనక్కి తిరగాల్సిన పనుండదు. లిన్ మ్యూజియంలో "సీహెంజ్" కూడా చూడండి. నాలుగు వేల ఏళ్ళ కిందట చెక్క దుంగల్ని వలయంగా పాతిన కట్టడం అది, 1998లో దగ్గర్లోని సముద్రతీరంలో ఇసుక కొట్టుకుపోయి బయటపడింది.

బయల్దేరేముందు ఆ రోజు పోటు ఎన్ని గంటలకో నెట్‌లో చూసుకోండి. పోటుకు గంట ముందు రేవు గట్టుకు చేరితే డాకుల్లోకి వచ్చే ఓడ కనిపించే అవకాశం ఎక్కువ. చలికాలమైతే నది మీది గాలికి మంచి కోటు తప్పనిసరి, గొడుగు మాత్రం దండగ, ఒక్క గాలికే తిరగబడుతుంది.